పేరు పెట్టి చేసిన ప్రార్థన

బోర్గ్‌హిల్డ్ ఆ రోజు స్థానిక మండలి సభలో చెయ్యి ఎందుకెత్తింది? దీవిలో ఉన్న ఒకే ఒక్క దుకాణం మూతపడకూడదనా, ఓస్మున్ మీద కసితోనా? ఇది రాస్తున్నప్పుడు కూడా జవాబు దొరకడం లేదు.

బీరు లేకపోతే గిట్టదంటున్న ఆ దుకాణంలో దాన్ని అమ్మనివ్వాలా వద్దా అన్నది ఆనాటి సంగతి. నార్వే పడమటి తీరాన మద్యాన్ని పాపంగా చూసే ఆమె క్రైస్తవ పార్టీలో ఎవరూ అలాంటిదానికి చెయ్యెత్తిన పాపాన పోలేదు. ఆమె ఎత్తింది. ఒక్క ఓటుతో బీరు గెలిచింది.

ప్రార్థనామందిరంలో వాఫిల్ అట్లు కాల్చి, కాఫీ పోసి, ఎన్నికలప్పుడు వానలో ఇల్లిల్లూ తిరిగి సంపాదించుకున్న కుర్చీ ఆమెది. భర్త పోయాక ఆమెకు మిగిలిన లోకం అదే. ఆమె నోరు తెరిస్తే చాలు, "తర్వాత చూద్దాంలే" అనేవాడు పార్టీ స్థానిక అధ్యక్షుడు ఓస్మున్.

శరదృతువులో, వచ్చే ఎన్నికలకు అభ్యర్థుల్ని ఎంచుకోవడానికి పార్టీవాళ్ళు మందిరంలోనే కూడారు. వంటగదిలో ఆడపడుచు యోరున్ ఆమె చేతిలోంచి కాఫీ కూజా లాక్కుంది.

"నేను పోస్తాలే వదినా. నీ చేతికి బీరు వాసనొస్తోందంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"దేవుడికే తెలుసు."

"ఆయనకి చెప్పింది నువ్వే అయ్యుంటావు."

ఆ తీరంలో మనిషిని మొహం మీద తిట్టరు. ఎవరిని తిట్టాలనుకుంటే వాళ్ళ కోసం పేరు పెట్టి ప్రార్థిస్తారు. ప్రార్థనకు ఎదురు చెప్పే వీలుండదు. బోర్గ్‌హిల్డ్ కూడా తన కాలంలో ఎందరి కోసమో అలా కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థించింది. వాళ్ళలో కొందరు మళ్ళీ మందిరం గడప తొక్కలేదు.

పేర్లు ఎంచేముందు ఓస్మున్ లేచాడు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు.

"తండ్రీ, మా సోదరి బోర్గ్‌హిల్డ్ అలిసిపోయింది. ఆమె భుజాల మీది బరువు నువ్వే దించు."

ఆమెన్, అన్నారు అందరూ. దాంతో ఆమె కుర్చీ పోయిందని అక్కడున్న ప్రతి ఒక్కరికీ అర్థమైంది.

తరవాత యోరున్ గొంతు, మెత్తగా: "ప్రభువా, మా అన్న ఈ రోజు చూడకుండా ముందే తీసుకుపోయావు. నీకు స్తోత్రం."

దానికీ ఆమెన్ అన్నారు. వెనక వరసలో ఇంకెవరో అందుకున్నారు, మళ్ళీ ఆమె పేరుతోనే.

ప్రార్థన మధ్యలో లేవడం ఆ మందిరంలో ఎవరూ ఎరగరు. బోర్గ్‌హిల్డ్ కళ్ళు తెరిచింది. వంగిన తలలన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. కోటు భుజాన వేసుకుంది. వాళ్ళింకా కళ్ళు తెరవకముందే బయటికి నడిచింది.