జైపూర్ కోటలో పైడి కేక

మా చిన్నప్పుడు... నవ్వకండి, ఇప్పుడు ప్లస్ టూ చదువుతున్న నాకు ఆరో క్లాసు చిన్నతనమే... రాయగడ నుంచి మా సమ్మర్ స్కూల్ బస్సు తెల్లారకుండానే బయల్దేరింది. రాజస్థాన్‌ది కాదు, మా ఒడిశా జైపూర్ రాజుగారి కోట చూపిస్తారట! అందరి నెత్తిన పసుపు టోపీలు, ఒళ్లో పులిహోర డబ్బాలు...

రూల్ ఒక్కటే. ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి. తెలుగు మాట వినబడిందో, తిరుగు ప్రయాణంలో చివరి సీటు. ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో చివరి సీటంటే వాంతులే...

నాది వేరే భయం. నాకు దూరంగా ఉన్నవి కనబడేవి కావు. కాస్త అవతలి మొహాలన్నీ అలికేసినట్టు ఉండేవి. ఇంట్లో చెప్తే ఫోన్ వల్లేనని తిడతారు, క్లాసులో సోడాబుడ్డి అని పేరు పెడతారు... అందుకే ఎవరికీ చెప్పలేదు. మనుషుల్ని గొంతుని బట్టి, బట్టల రంగుని బట్టి పోల్చుకునేదాన్ని. ఆ రోజు పసుపు టోపీలే నాకు దారి.

కోట ఎంత పెద్దదో! పెచ్చులూడిన గోడలు, ఏనుగు పట్టేంత గుమ్మాలు... మేడం రాజుల కథ చెప్తుంటే నేను పైన పావురాల రెక్కల చప్పుడు వింటూ ఉండిపోయాను. తేరుకునేసరికి పసుపు టోపీలు అవతలి గుమ్మం దాటుతున్నాయి. పరిగెత్తి కలిశాను. వాళ్లు ఒడియాలో గలగలా మాట్లాడుకుంటున్నారు. అయ్యో, రూల్ మర్చిపోయారే అనుకున్నాను...

ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగింది. ఎప్పుడూ చూడని మొహం!

వేరే స్కూల్ వాళ్లు. వాళ్లవీ పసుపు టోపీలే...

వెనక్కి వచ్చాను. పెద్ద ముంగిట్లో ఎటు చూసినా పసుపు మచ్చలే. ఏది మాదో తెలీదు. బస్సెక్కే వేళైంది. ఎవర్నైనా అడిగితే "అదిగో, కనబడట్లేదా?" అంటారు... నా గుట్టు బయటపడుతుంది. స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయాను.

అప్పుడు వినబడింది.

"ఒలే అమ్మీ! ఇటే! నా గొంతు ఇనుకుంటూ వచ్చీయే!"

పైడి! మునిసిపాలిటీలో పనిచేసే అప్పన్న మావయ్య కూతురు. మా వీధే, మా క్లాసే... అయినా మా మధ్య పెద్ద మాటల్లేవు.

"ఇంగ్లిష్!" అని మేడం గద్దించారు.

"ఇంగ్లీసులో పిలిస్తే ఆల్లందరూ తిరుగుతారండి మేడం. ఇలాగయితే ఇదొక్కర్తే తిరుగుతాది."

అంతా పకపకా నవ్వారు. నేను ఆ గొంతు పట్టుకునే ముంగిలి దాటాను.

రూల్ రూలే. పైడికి చివరి సీటు పడింది. నేనూ వెళ్లి పక్కనే కూర్చున్నాను.

"నీకు దూరంవి అవుపించవు కదేటి?" అని చెవిలో అడిగింది.

"ఎవరు చెప్పారు?"

"ఒకులు సెప్పాలేటి? మొన్న మా గుమ్మంలో కుక్కని అల్లంత దూరం నుంచి మేకపిల్లనుకుని దువ్వడానికొచ్చావు."

"మా అమ్మకి చెప్పకే... ప్లీజ్."

"సెప్తాను. మళ్లీ తప్పిపోతే నానెక్కడని ఎతకాలి?"

అన్నట్టే ఆ రాత్రి బస్సు దిగగానే మా అమ్మకి చెప్పేసింది. ఎంత కోపం వచ్చిందో! అమ్మ మాత్రం తిట్టలేదు. తల నిమిరి, "ఇన్నాళ్లూ ఒక్కర్తివే ఎంత భయపడ్డావే..." అంది. మర్నాడే నాన్న కొట్టు కట్టేసి కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు.

కొత్త కళ్లద్దాలతో ఇంటికొస్తుంటే వీధి చివర పైడి. నన్ను చూసి నవ్వింది. అంత దూరం నుంచి ఒక నవ్వు నాకు కనబడటం అదే మొదలు...

"ఇవాళ నవ్వుతున్నావేంటే?" అన్నాను.

"రోజూ నవ్వుతాను. నువ్వే సూడనట్టు ఎలిపోతావు. పొగరనుకునీదాన్ని," అంది.

పైడి వాళ్లు ఇప్పుడు పద్మపూర్ వెళ్లిపోయారు. ఇప్పటి ట్రిప్పుల్లో ఎవరెక్కడున్నారో ఫోన్లే చెప్పేస్తున్నాయి... గొంతెత్తి పిలిచేవాళ్లే లేరు.

మీరు దాచుకున్నది బయటపెట్టి మీకు మేలు చేసిన నేస్తం ఎవరైనా ఉన్నారా? కింద రాయండి... ముందు వాళ్లకి థాంక్స్ చెప్పండి. నేను ఇవాళ్టి దాకా చెప్పలేదు. పైడీ, ఇది నీకే...