గుటకమడి కల్పితం కాదు

ఎంత కాలువ నీళ్లు పెట్టినా నిలవని మడిని మా అమ్మ గుటకమడి అనేది. త్రిపురారంలో మాకు అలాంటిది ఒకటుంది. సూర్యాపేటలో ఒక ప్రచురణకర్త మా వైపు పల్లెల మాటలతో నిఘంటువు వేస్తున్నాడని తెలిసి, అన్నిటికంటే ముందు ఆ మాటే పంపాను. వేయలేదు. అచ్చులో ఎక్కడా ఆధారం లేదన్నాడు. అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

పుస్తకం వచ్చాక చూస్తే అందులో 'నీడవాయిద' అని ఒక మాట ఉంది. నీడ వచ్చేదాకా పొలం పని ఆపుకోవడమట. పక్కన మా ఊరి పేరు. నేను పుట్టి పెరిగిన ఊళ్లో ఆ మాట ఎన్నడూ వినలేదు. ప్రచురణకర్త పుస్తకాల దుకాణానికి వెళ్లి నిలదీస్తే ఆయన గొంతు తగ్గించాడు.

"జర మెల్లగ సార్. అది నేను పుట్టించిన మాట. ఎవడన్న మన బుక్కు ఎత్తి అచ్చేసుకుంటే దీనితోనే దొరుకుతడు."

"మరి దీనికి ఆధారం ఏడున్నది?"

"మన బుక్కే."

ఆ జవాబు ఇప్పటికీ మరిచిపోలేదు. నెలల తరబడి ఫోన్లు చేశాను. ఇప్పుడు నేనుండే మిర్యాలగూడ నుంచి బస్సెక్కి మళ్లీ మళ్లీ వెళ్లాను. నా పోరు పడలేక రెండో ముద్రణలో గుటకమడి చేర్చాడు.

ఆలోపు పుస్తకంలో ఒక దొంగమాట ఉందని బయటికి పొక్కింది. అది ఏదో మాత్రం ఎవరికీ తెలియదు. కోదాడలో పరిచయ సభ పెడితే అందరిదీ అదే వేట. వేదిక మీది లెక్చరర్ నీడవాయిదను చదివి, ఇది మట్టిలోంచి వచ్చిన మాటని మురిసిపోయాడు. గుటకమడి దగ్గర మాత్రం ఆగి, దొంగ దొరికిందన్నాడు. మొదటి ముద్రణలో లేకపోవడమే సాక్ష్యమట.

లేచి, అది మా అమ్మ మాట అన్నాను. హాలంతా నవ్వింది.

"నవ్వకుండా భలే చెప్పారండీ," అన్నాడు పక్క కుర్చీ ఆయన. "మీరూ ఆ పబ్లిషర్ జట్టేనా?"

ప్రచురణకర్త ముందు వరసలో కూర్చుని నోరు విప్పలేదు. బయట పట్టుకుని అడిగితే, అసలుది చెప్పేస్తే ఉచ్చు ఖతమైతదని బతిమాలాడు. జనం గుటకమడిని అనుమానిస్తే అసలు దొంగమాటకు అది కాపలా అట.

"అమ్మ మాట బుక్కుల ఉన్నది గద సార్, ఇంకేం గావాలె?"

అబద్ధమనిపించుకుంటూ ఉండటానికి కాదు నేను అన్నిసార్లు బస్సెక్కింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పుట్టించిన మాట నీడవాయిద. ఇక ఎవరైనా ఆయన పుస్తకం ఎత్తి అచ్చేసుకుంటే ఆయన తంటాలు ఆయనవి.