బొమ్మ ఆగకూడదు

మా చెల్లి భాషలో నా పేరు ముక్కు. చూపుడువేలితో తన ముక్కు కొనను రెండుసార్లు తట్టిందంటే నా గురించి మాట్లాడుతోందని అర్థం. ముక్కు మీద కోపం అనే మాట ఒకటుందని దానికి ఎవరూ చెప్పలేదు, నన్ను చూసి అదే కనిపెట్టింది. దానికి పుట్టుకతోనే వినపడదు. చేతులతో మాట్లాడే మా భాషలో సగం అది చదువుకున్న బధిరుల పాఠశాల నుంచి వచ్చింది, మిగతా సగం మా వంటింట్లో పుట్టింది. దాని భర్త, అంటే మా మరిది, ఆయనకీ వినపడదు. సామర్లకోటలో ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాడు. ఆయన పేరు రెండు వేళ్ళ కత్తెర.

వాళ్ళకు పుట్టిన బాబుకి మాత్రం శుభ్రంగా వినపడుతుంది. గిన్నె కింద పడితే ఉలిక్కిపడతాడు. స్టేషన్లో రైలు కూస్తే తల అటు తిప్పుతాడు. అది చూసి అందరం సంబరపడ్డాం. గొడవ కూడా అక్కడి నుంచే మొదలైంది.

మా చెల్లి అత్తగారు మండపేటలో పెద్దకొడుకు దగ్గర ఉంటారు. బాబుకి ఏడాది దగ్గరపడుతుండగా సామర్లకోట వచ్చి, వాణ్ణి తనతో తీసుకెళ్ళి పెంచుతానని ఆవిడ తేల్చి చెప్పేశారు. ఆ ఇంట్లో నోరు తెరిచి పలికే మనిషి లేకపోతే, చెవులున్న పిల్లాడికి కూడా మాట రాకుండా పోతుందని ఆవిడ భయం. ఆ భయంలో న్యాయం లేదని నేను అనను. కానీ మా చెల్లి బిడ్డను రెండు చేతులా గుండెకు అదుముకుని ఇవ్వనంది. ఆ సంగతి అత్తగారికి నోటితో చెప్పే మనిషి కావాలి కాబట్టి నాకు వీడియో కాల్ చేసింది.

"అత్తయ్యగారూ, వాడితో రోజూ నేను మాట్లాడతానండి. బళ్ళో పాఠాలు చెప్పి రాగానే ఫోన్లో కూర్చుంటాను. మాటలు నేర్పే పూచీ నాది" అన్నాను.

నా ఫోన్లో వాళ్ళ బొమ్మ ఆగిపోయింది. కాసేపటికి ఆవిడ గొంతు మాత్రం వచ్చింది.

"నేర్పుదువుగానిలే అమ్మాయ్, ముందు నీ బొమ్మని కదలమను. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయావు. దాళ్వా కోతలవగానే వచ్చి పిల్లోణ్ణి తీసుకెళ్తాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, ఫోను మీద. రెండో పంట కోతలంటే ఏప్రిల్ నెల. అప్పటికి సంక్రాంతి దాటి ఎన్నాళ్ళో కాలేదు. ఈలోగా నా బొమ్మ కదలాలి, అంతే అనుకున్నాను.

మా ఇల్లు కొవ్వూరుకు దిగువన, గోదావరి గట్టును ఆనుకున్న కొబ్బరితోటలో ఉంటుంది. మామూలు ఫోను మాట్లాడాలంటే డాబా ఎక్కాలి, వీడియో అయితే గట్టెక్కాలి. ఇంటర్నెట్ కేబులు వాళ్ళు ఊరి మధ్య దాకా వచ్చి ఆగారు. ఒక్క కొంప కోసం తోటలోకి తీగ లాగేది లేదన్నారు. నోటితో మాట్లాడుకునేవాళ్ళకి గొంతు తెగితెగి వినిపించినా పని జరిగిపోతుంది. చేతులతో మాట్లాడేవాళ్ళకి అలా కాదు. బొమ్మ ఆగిందంటే మాట ఆగినట్టే, పైగా సగంలో ఆగిన చెయ్యి ఇంకో మాటలా కనిపిస్తుంది. ఒకసారి మా చెల్లి బాబుకి జ్వరం తగ్గిందని చెబుతుంటే బొమ్మ జ్వరం దగ్గరే ఆగిపోయింది. నేను బడికి సెలవు పెట్టి పరుగెత్తుకుంటూ సామర్లకోట వెళ్ళాను. అక్కడ వాడు బోర్లా పడి ఆడుకుంటున్నాడు.

ఇంటి బయట బిగించే రౌటరు ఒకటి ఉంటుందని మా బళ్ళో సైన్సు మాస్టారు చెప్పారు. పుస్తకమంత తెల్లటి పెట్టె. అందులో సిమ్ము వేసి ఎత్తుగా కడితే సెల్ టవరు సిగ్నల్ పట్టుకుని, ఒక తీగ మీదుగా ఇంట్లోకి పంపుతుందట. దానికి కావలసిన కరెంటు కూడా ఆ తీగలోనే పైకెళుతుంది. ఆ ఆదివారమే రాజమండ్రి వెళ్ళి కొనుక్కొచ్చాను. షాపు నుంచి బిగించే మనిషి వచ్చి చుట్టూ చూసి, ఇంటి పక్క కొబ్బరిచెట్టు కన్నా ఎత్తయింది ఇక్కడ ఏముందని, పెట్టెను ఊరి టవరు వైపు తిప్పి ఆ చెట్టుకే కట్టేశాడు. "ఫుల్ సిగ్నలండి మేడమ్. ఇంక చూస్కోనక్కర్లేదు" అని వెళ్ళిపోయాడు.

పొద్దున్న బాగానే ఉంది. సాయంత్రం గోదావరి గాలి లేచింది. చెట్టు ఊగింది, దానితో పెట్టె ఊగింది, దానితో మా చెల్లి ముఖం ముక్కలు ముక్కలై ఆగింది. మా ఆయన వాలుకుర్చీలో కూర్చుని నవ్వాడు.

"చెట్టెక్కింది కదా, కల్లు పట్టించినట్టుంది నీ పెట్టె."

"నవ్వింది చాలుగానీ లేవండి. దాన్ని కిందికి దింపించాలి" అన్నాను.

షాపు మనిషికి ఫోను చేస్తే రేపన్నాడు, ఎల్లుండన్నాడు, ఆ తర్వాత ఎత్తడం మానేశాడు. రానక్కర్లేదని నేనే అనుకున్నాను. పిల్లలకి గుణింతాలు నేర్పినదాన్ని, ఒక పెట్టెకు బుద్ధి చెప్పలేనా? రౌటరుతో వచ్చిన యాప్ తెరిచి, అందులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చదివాను. ఫోను మీద కనిపించే గీతల్ని నమ్మకూడదని తెలిసింది. అసలు లెక్క లోపల మైనస్ అంకెల్లో ఉంటుంది. మైనస్ పక్కన అంకె ఎంత తగ్గితే సిగ్నల్ అంత బలం. మా చెట్టు మీద అది నూట పన్నెండు.

కొబ్బరికాయలు దింపే మనిషితో పెట్టెను కిందికి దింపించి, డాబా పిట్టగోడకి ఇనప పైపు నిలబెట్టించి, దాన్ని ఆ పైపుకి బిగించాం. మా ఆయన పైపు దగ్గర నిలబడి కొద్దికొద్దిగా తిప్పుతుంటే నేను ఫోన్లో అంకె చూస్తున్నాను. ఊరి టవరు దగ్గరే ఉంది, నిజమే. కానీ దానికీ మాకూ మధ్య కొబ్బరితోట మొత్తం అడ్డం. అప్పుడు నదివైపు చూశాను. గోదావరి మీద చెట్టు లేదు, గోడ లేదు. అవతలి ఒడ్డున ఎక్కడో ఒక టవరు సన్నగా కనిపిస్తోంది.

"తూర్పుకి తిప్పండి" అన్నాను.

"టవరు పడమట ఉంటే తూర్పుకి తిప్పమంటావేంటి?"

"తిప్పండి, చెప్తాను."

తిప్పాడు. అంకె కాసేపు ఎటూ తేలక తడబడి, నెమ్మదిగా దిగి తొంభై ఆరు దగ్గర నిలిచింది. నేను డాబా మీద చిన్నపిల్లలా గెంతాను. దగ్గర చుట్టాన్ని వదిలేసి దూరపు చుట్టం కాళ్ళు పట్టుకున్నానని మా ఆయన అన్నాడు. ఆ చుట్టాన్ని వదలకూడదని సెట్టింగుల్లో పెట్టెను ఆ టవరుకే కట్టేశాను. లేకపోతే దగ్గరుంది కదా అని పెట్టె మళ్ళీ ఊరివైపు జారిపోతోంది.

పెట్టడంతో అయిపోతుందనుకున్నాను గానీ, అసలు చాకిరీ ఆ తర్వాతే. చీకటి పడితే ఊరూవాడా ఫోన్లు తీస్తారు, సిగ్నల్ ఇరుకైపోతుంది. అందుకని బడి నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా కాల్ చేసేదాన్ని. ఆ వేళకు మా ఆయన క్రికెట్టు చూడటం బంద్. పక్కింటావిడ తోడుకి మజ్జిగ అడిగితే ఇచ్చాను, పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వలేదు. ఆవిడ మూతి ముడుచుకుంది, ముడుచుకోనీ అనుకున్నాను. కరెంటు పోతే ఆగకుండా పెట్టె ప్లగ్గును ఇన్వర్టరుకి మార్పించాను.

మార్చి ఎండలు ముదిరాక కొత్త రోగం వచ్చింది. సరిగ్గా నేను కూర్చునే వేళకి పెట్టె వేడెక్కి తనంతట తానే ఆగి మళ్ళీ మొదలయ్యేది. నీడ కోసం మీద రేకు పెట్టిస్తే, రేకు సిగ్నల్ని కూడా అడ్డుకుంది. రేకు పీకేసి తాటాకు తెప్పించి, పైపు చుట్టూ చిన్న గొడుగులా కప్పించాను. గట్టు మీద వెళ్ళేవాళ్ళు ఆగి, "ఏంటండి టీచరుగారూ, డాబా మీద పాక వేశారు?" అని అడిగేవారు. తాటాకు కింద పెట్టె చల్లబడింది. ఎవరేమనుకుంటే నాకేం?

ఇక బొమ్మ ఆగలేదు. నేను పాలు అంటూ నోటితో గట్టిగా పలుకుతాను, అదే మాట చేతులతోనూ చెబుతాను. అవతల బాబు మా చెల్లి ఒళ్ళో కూర్చుని ఫోనుని మింగేసేలా చూస్తాడు. నేను ఉత్సాహంలో ముందుకి వంగితే మా చెల్లి కోప్పడేది. వెనక్కి జరుగు, చేతులు కనపడటం లేదు, ముక్కొక్కటే కనిపిస్తోంది అని. కాకి, ఆటో, అరటిపండు, వాన. వాడు ఫోను వెనక్కి తిరగేసి నా కోసం వెతికేవాడు. కొన్నాళ్ళకి కాకిని చూపిస్తే "కా" అన్నాడు.

ఒకరోజు నేను చెప్పకుండానే తల్లి గడ్డం పట్టుకుని "మ్మ" అన్నాడు. మళ్ళీ అన్నాడు. వినాల్సిన మనిషికి వినపడలేదు, అది నా చేతులవైపే చూస్తోంది. నిన్ను అమ్మా అన్నాడే అని చేతులతో చెప్పాను. అది నమ్మలేదు. వాడి పెదవుల మీద వేలు పెట్టి, మళ్ళీ అనమని బతిమాలింది. వాడు ఆ వేలు కొరికాడు.

కోతలయ్యాయి. అన్నమాట ప్రకారం అత్తయ్యగారు సామర్లకోటలో దిగారు. ఆ సాయంత్రం నేను కాల్ చేసేసరికి బాబు ఆవిడ ఒళ్ళో ఉన్నాడు. పక్కన వాడి బట్టలు సర్దిన సంచి ఉంది. మా చెల్లి గోడకి ఆనుకుని నిలబడింది, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. అయినా ఏమీ ఎరగనట్టు కాకితో మొదలుపెట్టాను. వాడు "కా" అన్నాడు. పాలన్నాను. నోటితో ఏమీ అనకుండా గుప్పిలి మూసి తెరిచాడు. చేతుల భాషలో అది పాలే.

అత్తయ్యగారు ఆ గుప్పిలివైపు చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, నా కొడుకుని ఒకటి అడగాలి. నీ చేతుల్తో అడుగుతావా?"

"అడగండి అత్తయ్యగారూ."

"వాణ్ణి చిన్నప్పుడు వినపడని పిల్లల బడి హాస్టల్లో దింపి వచ్చేత్తుంటే, గేటు కాడ నిలబడి నాకేసి ఇలా అన్నాడు." ఆవిడ చెయ్యి పైకెత్తి మణికట్టు అటూ ఇటూ తిప్పారు. "ఒకసారి కాదు, బస్సు కదిలేదాకా అంటానే ఉన్నాడు. పో, మళ్ళీ రావొద్దు అన్నాడనుకున్నాను. అడుగుదామంటే నాకు చేతకాలేదు. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి నా కళ్ళల్లోనే ఉండిపోయింది. ఏమన్నాడో కనుక్కో."

మా మరిది మిషను ఆపి వచ్చి ఫోను ముందు కూర్చున్నాడు. నేను అడిగాను, ప్రతి మాటా విడివిడిగా, పొల్లుపోకుండా. ఈ ఒక్కసారి ఆగకు తల్లీ అని డాబా మీది పెట్టెకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అది ఆగలేదు. మరిది తల్లి చేతివైపు చూశాడు, నావైపు చూశాడు, ఒక్కసారిగా నవ్వేశాడు. తరవాత చేతులతో చెప్పాడు.

"తాళంచెవి అంటున్నాడండి" అన్నాను. "ట్రంకుపెట్టె తాళంచెవి మీ కొంగుకే ఉండిపోయిందట. ఇచ్చి వెళ్ళమన్నాడట. ఆ సాయంత్రం హాస్టలు వాచ్‌మన్ రాయితో తాళం పగలగొట్టాడట."

ఆవిడ పైట కొంగు చేతిలోకి తీసుకున్నారు. అది కొడుక్కి చూపించి అవునన్నట్టు తలూపారు. ఇంటికెళ్ళాక కొంగు విప్పితే తాళంచెవి కనపడిందని, తర్వాతి నెల వెళ్ళి ఇచ్చానని, ఆ చేతికీ ఈ తాళానికీ ముడిపెట్టుకోవడం తనకు తట్టనే లేదని చెప్పారు. నేను అదంతా మరిదికి చెప్పాను. ఆయన లేచి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆవిడకు ఏడుపు ఆగలేదు, నాకూ ఆగలేదు.

చాలాసేపటికి ఆవిడ ముక్కు చీదుకుని బాబు తల నిమిరారు.

"వీణ్ణి నేను తీసుకెళ్తే నోటికి మాటలొచ్చేత్తాయి. చేతులకి రావు కదమ్మా? రేపు వీడు ఏదన్నా చెప్తుంటే, నీ చెల్లి కూడా నాలాగే చూస్తా నిలబడాలి."

ఆ మాట మా చెల్లికి చెప్పడానికి నేను చేతులు ఎత్తాను. నేను మొదలుపెట్టేలోపే ఆవిడ లేచి, బాబుని తీసుకెళ్ళి దాని చేతుల్లో పెట్టేశారు.