అత్తగారి కొబ్బరినూనె, మరిదిగారి గేరు సైకిలు

మొన్న మా మనవరాలు కొత్త సైకిలు కొనుక్కుంది. హ్యాండిల్ దగ్గర మీట నొక్కితే టిక్కుమంటుంది, గేరు మారిపోతుంది. "చూసేవా నానమ్మా, ఎంత తేలికో!" అంటూ వాకిట్లో చుట్లు తిరిగి చూపించింది. చూశాను, బాగుంది. నా ముక్కుకి మాత్రం ఎక్కణ్ణుంచో కొబ్బరినూనె వాసన తగిలింది. సైకిలుకీ కొబ్బరినూనెకీ సంబంధం ఏమిటంటారా? మా ఇంట్లో ఉంది. నేను చదివింది అయిదో తరగతే గానీ, గేరు సైకిలు కొండెక్కకపోతే ఏం చెయ్యాలో ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, అంటే డెబ్బైలు దాటి ఎనభైలు మొదలైన రోజుల్లో, రాజోలు దగ్గర మా ఊళ్లో గేరు సైకిలు అన్నది ఎవరూ చూసి ఉండలేదు. మా ఆడపడుచు భర్త మస్కట్‌లో పనిచేసేవారు. అక్కడ ఎవరో దొర స్వదేశం పోతూ ఇచ్చేసిన సైకిలును విప్పదీసి, దుప్పట్లలో చుట్టి, మా మరిదికి తెచ్చిచ్చారు. మా మరిది బళ్లో మాస్టారు. అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలవడం చిన్నప్పటినుంచీ చూస్తున్న మనిషి, మూడు సముద్రాలు కలిసే చోటు కూడా చూడాలని పట్టుబట్టాడు. వేసవి సెలవుల్లో కన్యాకుమారిదాకా ఆ సైకిలు మీదే వెళ్తానన్నాడు. మా అత్తగారికి భయమేసింది. అయితే ఆవిడ వద్దని అనే రకం కాదు. "దారిలో కొండలుంటాయంట కదరా. ముందు మన ఏటిగట్టు దిగకుండా ఎక్కి చూపించు. అప్పుడెళ్దువుగాని" అన్నారు. మా కోనసీమ అంతా అరచెయ్యిలా చదును. ఎత్తన్నది చూడాలంటే ఏటిగట్టు ఒక్కటే దిక్కు.

ఆ గట్టు దగ్గరే సైకిలు మొండికేసింది. దాని వెనక చక్రానికి చిన్నా పెద్దా పళ్ల చక్రాలు వరసగా ఉండేవి. ఎత్తు ఎక్కాలంటే గొలుసు పెద్దదాని మీదికి రావాలి. అందుకు ముందు గొట్టానికి ఒక చిన్న లివరు. దాన్ని వెనక్కి లాగితే తీగ బిగుసుకుని గొలుసును పెద్ద చక్రం మీదికి తోస్తుంది. ఇప్పటి సైకిలులాగా లివరు ఆగడానికి గంట్లు లేవు, టిక్కుమనడాలు లేవు. లాగి ఎక్కడ వదిలితే అక్కడ నిలబడాలి. మా మరిది లాగితే నిలబడేది కాదు. గట్టు సగం ఎక్కేసరికి లివరు మెల్లిగా ముందుకు జారిపోయేది, గొలుసు దబ్బున చిన్న చక్రం మీద పడేది, మాస్టారు తొక్కలేక దిగి నిలబడేవాడు. చేపల బుట్టలతో పోయే ఆడవాళ్లు "ఏవండీ మాస్టారూ, బండి మిమ్మల్నెక్కించుకుందా, మీరు బండినెక్కించుకున్నారా?" అనేవారు. "ఆయ్, చెరో రోజూనండీ!" అని నవ్వేసేవాడు గానీ, ఇంటికొచ్చాక మొహం మాడిపోయేది. సెలవులు కరిగిపోతున్నాయి.

తీగ సాగిందేమోనని అమలాపురం వెళ్లి కొత్త తీగ తెచ్చాడు. జారింది. గొలుసు కిరసనాయిల్లో కడిగాడు. జారింది. లివరు మధ్యనున్న మరను అర్ధరూపాయి బిళ్లతో బిగించాడు. నిన్న బాగుంది అనుకుంటే ఇవాళ మళ్లీ జారింది. ఇంకా గట్టిగా బిగిస్తే లివరు అసలు కదలనంది. చివరికి అరుగు మీద పాత పేపరు పరిచి, లివరును పూర్తిగా విప్పేశాడు. లోపల బిళ్లల్లాంటి పల్చటి రేకులున్నాయి. "కాస్త పట్టుకోండి వదినగారూ" అని ఒకటి నా చేతికిచ్చాడు. అది తాటిముంజెలా నా వేళ్లలోంచి జారి కింద పడింది. తీసి వాసన చూశాను.

"మరిదిగారూ, మీ సైకిలు తలంటుకుందండీ" అన్నాను.

ఇద్దరం ఒకేసారి అటు తిరిగాం. చేటలో బియ్యం ఏరుకుంటున్న మా అత్తగారు "ఏంటలా చూస్తన్నారు?" అన్నారు. పొద్దున్నే ప్రార్థన కాగానే ఆవిడ కొబ్బరినూనె గిన్నె పట్టుకుని బయల్దేరేవారు. ముందు తన మోకాళ్లకి, తర్వాత తలకి, ఆ తర్వాత తలుపు బందులకి, కుట్టుమిషనుకి. మా చెట్ల కాయ, మా గానుగ నూనె. దాంతో బాగుపడని వస్తువు లోకంలో ఉంటుందని ఆవిడ నమ్మలేదు. సైకిలు ఇంట్లోకొచ్చాక ఆ వరసలో అదీ చేరింది.

"ఆ రేకులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటేనే లివరు నిలబడేదండీ. నూనె తగిల్తే ఇంకేం పట్టుకుంటుంది?" అన్నాడు మా మరిది, తల్లి వైపు చూడకుండా నాతోనే.

మావారు ఊరుకుంటారా? "అమ్మా, తమ్ముణ్ణి ఆపడానికి ఎంత ఉపాయం పన్నేవే!" అన్నారు.

అత్తగారు చేట కింద పెట్టేశారు. "ఆపాలనుకుంటే చక్రంలో గాలి తీసేద్దును గదరా, నూనెందుకు రాస్తాను? అంత దూరం ఎండలో పోయే బండి, కీళ్లు పట్టేస్తాయని రాసేను" అని లోపలికెళ్లిపోయారు. మా మరిది ఆ రేకుల్ని పేపర్లోనే వదిలేశాడు. ఇక ప్రయాణం లేనట్టే అనుకున్నాను.

తెల్లారి లేచేసరికి పెరట్లో పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. అత్తగారు కుంకుడుకాయల రసం తీసి, ఆ రేకుల్ని పసిపిల్లకి తలంటినట్టు ఒక్కొక్కటే రుద్దుతున్నారు. "కళ్లు మూసుకోమనండి అత్తయ్యగారూ" అన్నాను. నవ్వలేదు గానీ పెదవి ఒక పక్కకి కదిలింది. కడిగి, ఎండలో పెట్టి, పాత నేతచీర ముక్కతో పొడిగా తుడిచి కొడుక్కిచ్చి, "ఊఁ, బిగించుకో" అన్నారు.

సాయంత్రం అందరం గట్టు కిందికెళ్లాం. లివరు లాగాడు. నిలబడింది. సగం దాటాడు. మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు, వదల్లేదు. మా మరిది గట్టు మీద, గోదారి మీంచి వచ్చే గాలికి చొక్కా ఉబ్బుతుంటే, అక్కణ్ణుంచి చెయ్యూపాడు. "ఎక్కేసేడు" అన్నారావిడ. నా మోచెయ్యి వదిలి, "మాటిచ్చేను కదా, వెళ్లనీ" అన్నారు.

బయల్దేరే రోజు పొద్దున్న అలవాటు కొద్దీ గిన్నె పట్టుకుని వచ్చారు. సైకిలు దగ్గర ఆగి, లివరు కేసి చూసి, ముంచిన వేళ్లు వెనక్కి తీసుకున్నారు. ఆ నూనంతా కొడుకు నెత్తిన పెట్టి మర్దనా చేశారు. చెవుల మీదికి కారుతున్నా అతను కదల్లేదు. వెళ్లాడు, మూడు సముద్రాలూ చూశాడు, నల్లగా మాడి రైల్లో తిరిగొచ్చాడు.

ఇప్పుడు అత్తగారూ లేరు, ఆ గానుగా లేదు. మా మరిది రిటైరై, మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు పట్టుకుంటున్నాడు. గేరు మారిందని మనవరాలి సైకిలు టిక్కుమని చెప్తుంది. మాకు కాలం మారినప్పుడు ఏ చప్పుడూ వినపడలేదు, కాళ్లకే తెలిసింది.