హీరోగారి సాక్సులు

మా అబ్బాయి ఫుట్‌బాల్ ఆడి వచ్చి సాక్సులు విప్పితే ఇప్పటికీ నాకు మావయ్య గుర్తొస్తాడు.

మా మావయ్య కలకత్తాలో ఓ క్లబ్బుకి స్ట్రైకర్‌గా ఆడేవాడు. మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయాక ఫిల్మ్‌నగర్‌లో మా ఇంట్లోనే ఉండేవాడు. నా ఆరేళ్లప్పుడు ఓసారి నన్ను షూటింగ్‌కి తీసుకెళ్లాడు. హీరోకి బంతి తన్నడం రాదు. అందుకని క్లోజప్‌లో కాళ్లు మావయ్యవి. పొద్దుటి నుంచీ హీరో వేసుకున్న బూట్లు, సాక్సులు విప్పించి మావయ్యకిచ్చారు. పిండితే చెమట కారేలా ఉన్నాయి.

"వేరే జత లేదాండీ?" అన్నాడు మావయ్య.

"షాట్ కలవాలి కదండీ, కానివ్వండి," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

మావయ్య ఊపిరి బిగబట్టి తొడుక్కున్నాడు. పదిసార్లు తన్నితే పదీ గోల్సే. చప్పట్లు మాత్రం హీరోకి కొట్టారు.

తిరిగొస్తుంటే ఆటో నిండా కంపు. హీరోలకి చెమట పట్టదనుకునే వయసు నాది.

"ఛీ, నీ కాళ్లు కంపు మావయ్యా, దూరం జరుగు!" అన్నాను.

ఆయన సీటు అంచుకి జరిగాడు. ఇంటికి రాగానే కుళాయి కింద కూర్చుని, వాచిన మోకాలు పట్టుకుని, పాదాలు సబ్బుతో రుద్దుకున్నాడు.

"ఇప్పుడు పోయిందా?" అని అడిగాడు.

నేను ముక్కు మూసుకునే, లేదని తలూపాను. ఆయన మళ్లీ సబ్బందుకున్నాడు.