బాపట్లలో తిన్న బీరకాయ కూర

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా అన్న పనిమీద గుంటూరు పోతూ నన్నూ వదిననూ వెంట తీసుకెళ్లాడు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సు, అక్కణ్ణుంచి రైలు. పని అయిపోయాక ఒక పగలు మిగిలింది. బాపట్ల పోయి సముద్రం చూసి, అక్కడి తిండి తినొద్దామన్నాడు. అది భాద్రపదం. సముద్ర స్నానాలకు జనం వచ్చే కాలం కాదు. ఒడ్డున ఒకే ఒక పాక, అందులో వండిపెట్టే ముసలమ్మ. అన్న చేపలు తిని ఇసుకలో నడవడానికి పోయాడు.

వదిన చేపలు ముట్టలేదు. పెళ్లయి ఆరేళ్లయినా కడుపు పండలేదని అహోబిలంలో మొక్కుకుంది. ఏడాదిపాటు నీసు తినకూడదు. అది నిండేదాకా అన్నకు రెండో పెళ్లి మాట ఎత్తనని మా అమ్మ ఒప్పుకుంది. మొక్కు తప్పితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగనంది. ఇంకా రెండు నెలలే ఉంది.

నాకప్పుడు పదిహేడేళ్లు. వదిన మంచితనం చూస్తే ఒళ్లు మండేది. నేనెన్ని మాటలన్నా సాయంత్రానికి పిలిచి జడ వేసేది.

ఆమెకు బీరకాయ కూర పెట్టించాను. అందులో ఎండు రొయ్యపొట్టు ఉందని ముసలమ్మ నాతో ముందే చెప్పింది. అక్కడ చాపా, చెంబూ, గాలీ అన్నీ నీసు వాసనే. ఆ వాసన కూరదని వదిన అనుకోలేదు.

"బాగుండాది పాపా. పొడి మాదిరి తగుల్తాంది, ఏందది?"

"నువ్వులపొడి. ఈడోళ్లు అట్లే ఏస్తారంట."

ఇంకొంచెం వేయించుకుంది. చేయి కడుక్కున్నాక అసలు సంగతి చెప్పి పగలబడి నవ్వాను.

వదిన నీళ్ల దాకా పోయి గొంతులో వేలు పెట్టుకుంది. ఏమీ రాలేదు. తిరిగొచ్చి నా చేయి పట్టుకుంది.

"తెలీక తింటి. దేవునికి నేను చెప్పుకుంటా. మీ అమ్మకు మాత్రం చెప్పాకు పాపా."

"చెప్పన్లే" అన్నాను. చెప్పకూడదనే అనుకున్నాను. దారి పొడుగునా కిటికీ పక్కన నన్నే కూర్చోబెట్టింది, అడగకుండానే నీళ్లు పట్టుకొచ్చింది. ఆమె భయం చూస్తుంటే నాకు హాయిగా ఉండింది. అంత లేకి మనసు నాది.

ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ, "ఏం తింటిరే ఆడ?" అంది. అన్నం, చారు అంటే సరిపోయేది. వదిన గడపలోనే నిలబడి నా నోటివైపే చూస్తోంది.

"నీ కోడలు రొయ్యలు తినింది మా" అన్నాను.

మాఘంలో అన్నకు మళ్లీ పెళ్లయింది. ఆ పెళ్లికి వంట వదినే చేసింది. నేను కడుపునిండా తిన్నాను.