దగ్గరి నీళ్ళు

పత్రికకు రాస్తున్నాను గానీ నా దస్తూరీ బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి, మన్నించండి. వాటిని దిద్దే మా సైన్సు సారు పోయిన నెల నల్గొండలో కాలం చేశారు. ఆ కబురు నాకు హైదరాబాదు నుంచి ఫోనులో వచ్చింది. సారు ఇంటికి గంట దూరంలో ఉన్న నాకంటే ముందు, హైదరాబాదులో ఉన్న ఆయన ముద్దుల శిష్యుడికి తెలిసిందన్నమాట. ఏడుపు కంటే ముందు నాకు అదే గుచ్చుకుంది.

నేను ఏడో తరగతితో బడి మానేసి బత్తాయి తోట చూసుకున్నవాణ్ణి. ఆ శిష్యుడు వయసులో నాకంటే చాలా చిన్నవాడు, కానీ పెద్ద సైంటిస్టు. వారం వారం సారుకు బత్తాయిలు తీసుకుపోయి, పక్కన మాటల్లేకుండా కూర్చునేది నేను. అతని ఫోను వస్తేనే సారు ముఖం వెలిగేది. "మనోడురా" అనేవారు. మరి నేనెవరినో అడగలేదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు సారు అతని ల్యాబు చూస్తానంటే నేనే బస్సులో తీసుకుపోయాను. టెరాహెర్ట్జ్ అనే వెలుగట, కంటికి కనబడదు. ప్రోటీను కలిపిన నీళ్ళను పలచని పొరలా పరిచి, ఆ వెలుగును అందులోంచి పంపుతారు. ప్రోటీను చుట్టూ ఉన్న నీళ్ళు ఎట్లా కదులుతున్నాయో దానితో తెలుస్తుందట. గాలిలో తేమ కూడా ఆ వెలుగును మింగుతుందని, యంత్రాన్ని పెట్టెలో పెట్టి పొడిగాలి ఊదుతున్నారు. మూత తీసినప్పుడు సారు వంగి చూడబోయారు.

"సార్, జర దూరం. ఊపిరి తగిలినా లెక్క తప్పుతది" అన్నాడు శిష్యుడు.

సారును కూడా దూరం జరగమన్నాడని నాకు లోపల సంతోషమైంది. సారు మాత్రం బడిపిల్లవాడిలా ముక్కు మూసుకుని నిలబడ్డారు. నా తోటకు వచ్చినప్పుడు ఏ చెట్టునూ అంత శ్రద్ధగా చూడలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న సారుది అదే ముచ్చట. "నీళ్ళన్నీ ఒక్కతీరు గావురా. ప్రోటీనుకు ఆనుకున్న నీళ్ళ నడకనే వేరు. అవి లేకుంటే అది పనే జెయ్యదంట."

"మరి దూరమున్న నీళ్ళో సారూ?" అన్నాను.

"వాటి దారిన అవి తిరుగుతయి. నీతోని ఒక్క మాట మాట్లాడిపియ్యనీకి హైదరాబాదు దాక పోవాల్సొచ్చింది గదరా" అని నవ్వి, నా భుజం మీద తల వాల్చి నార్కట్‌పల్లి దాకా నిద్రపోయారు.

ఆనుకున్న నీళ్ళ మాట ప్రోటీను గురించే అన్నారో, ఇంకేమైనా ఉందో, అడగలేదు. దినాలనాడు శిష్యుడు మైకులో సారు గురించి చాలాసేపు మాట్లాడాడు, అందరూ ఏడ్చారు. నన్నూ మాట్లాడమంటే విస్తరాకులు వేసే పనిలో పడ్డాను.

ఇప్పటికీ బస్సెక్కితే కిటికీ పక్క సీటు వదిలి కూర్చుంటున్నాను. సారు దగ్గర చదివినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఒక్క సంగతి. మీ దగ్గర సారు నా ఊసు ఎప్పుడైనా ఎత్తారా? హైదరాబాదు ఆయన్ని అడగబుద్ధి కాదు. మీరే జర తొందరగా జవాబు రాయండి.